రెండో యజమాని సంతకం

ఫిబ్రవరి 4

ప్రియమైన తమ్ముడికి,

అక్కయ్య దీవెనలు. నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేయొచ్చు కదా, ఈ ఉత్తరమేమిటి అంటావు. మనిద్దరం ఫోనులో మూడో మాటకే పోట్లాటకు దిగుతాం. కాగితం మీదైతే నా మాట చివరిదాకా వినక తప్పదు నీకు.

అమ్మ పోయి మూడు నెలలైంది. ఆవిడ గది సర్దడం మొన్నటికి పూర్తయింది. మంచం ఆసుపత్రివాళ్ళదే, పట్టుకెళ్ళారు. చీరలు పంచేశాను. ఇక మిగిలింది కారు. వంటింటి కిటికీలోంచి చూస్తే కింద గోడ పక్కన దిగాలుగా నిలబడి కనిపిస్తుంది. వెనక అద్దం మీది దుమ్ములో ఎవరో వేలితో ముక్కూ మూతీ గీసి పోయారు. నాకా నడపడం రాదు. నువ్వా, పోయిన వేసవి నుంచి శనివారాలు రావడమే మానేశావు. అమ్మను చివరి ఆరు నెలలూ అద్దె కార్లలోనే తిప్పాను. ఆ సంగతి ఇప్పుడెత్తను. ఎత్తనని ఒట్టు పెట్టుకునే కలం పట్టుకున్నాను.

నేను అనుకున్నదేమిటంటే, ఆ కారును నర్సమ్మల సంఘానికి ఇచ్చేద్దాం. అమ్మకు నొప్పి ఇంజెక్షన్ ఇవ్వడానికి వారానికి మూడుసార్లు వచ్చేదే, లావుపాటి పెద్ద నర్సమ్మ, ఆవిడదే ఆ సంఘం. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూస్తారు. నలుగురు నర్సులు, ఊరంతా బస్సుల మీదే తిరుగుడు. అందులో ఇద్దరికి కారు నడపడం వచ్చట. నేను మాట ఎత్తగానే పెద్ద నర్సమ్మ సంచీ కింద పెట్టి, "నిజంగానే అంటున్నారా?" అని రెండుసార్లు అడిగింది.

మనిద్దరం కలిసి కొన్నాం కదా, కాగితాల్లో నేను మొదటి యజమానిని, నువ్వు రెండో యజమానివి. పేరు మార్చాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి. ఫారం ఇందులో పెట్టాను. పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టిన రెండు చోట్లా సంతకం చేసి పంపు. కొట్టివేతలు ఉండకూడదట. చిన్న పని. నేనైతే మన నీళ్ళాఫీసు ఫిర్యాదుల కిటికీలో ఇలాంటివి పూటకు నలభై తేలుస్తాను.

నీకు ఇష్టమేనా? ఇష్టం లేకపోతే ఆ మాటే రాయి.

నీ మేలు కోరే,
అక్కయ్య


ఫిబ్రవరి 12

ప్రియమైన అక్కయ్యకు,

నమస్కారాలు. నీ ఉత్తరం అందింది. కారు నర్సమ్మలకు ఇవ్వడం చాలా మంచి ఆలోచన. నాకు ఏ అభ్యంతరమూ లేదు. అమ్మ ఉంటే తనూ ఇదే చెప్పేది.

ఉత్తరం ఇలా టైపులో ఉందేమిటని తిట్టుకోకు. కళ్ళద్దాల షాపులో బిల్లులు కొట్టడానికి కంప్యూటరు పెట్టాం, అలవాటైపోయింది. ఇప్పుడు నేను వచ్చినవాళ్ళ చూపు పరీక్ష చేసి నంబరు చెప్పడమే చూసుకుంటున్నాను. ఫ్రేములు బిగించడం, మరలు తిప్పడం నీ మరదలు నేర్చుకుంది. నాకంటే బాగా చేస్తోందని నలుగురూ అంటున్నారు.

ఫారం సంతకం చేసి పంపుతున్నాను. ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 21

ప్రియమైన తమ్ముడికి,

అక్కయ్య దీవెనలు. ఫారం వెనక్కి వచ్చింది. కారణాలు రెండు. ఒకటి నాది, ఒకటి నీది. ముందు నాది చెబుతాను, నవ్వుకో.

మా ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి రవాణా ఆఫీసుకు వెళ్ళాను. మూడో నంబరు కిటికీలో సన్నటి గుమాస్తా, మెడలో తాడుకు కళ్ళజోడు. ఫారం తిరగేసి, "ధర గడి ఖాళీగా ఉందమ్మా" అన్నాడు.

"ధర లేదండీ. ఊరికే ఇస్తున్నాం."

"ఊరికే ఇచ్చినా గడి ఖాళీగా ఉండకూడదు."

"అయితే సున్నా వేస్తాను."

"సున్నా వేస్తే సున్నాకు అమ్మినట్టవుతుంది. అలా అమ్మకూడదు."

"మరేం చెయ్యమంటారు?"

"ఇది అమ్మకం ఫారం. దానానికి గులాబీ రంగుది వేరే ఉంటుంది."

"ఈ మాట మొన్న ఫారం ఇచ్చినప్పుడు చెప్పొచ్చు కదా?"

"మొన్న మీరు దానం అనలేదు. పేరు మార్పు అన్నారు."

నాకు మండిపోయింది. కానీ ఏమనను? నీళ్ళు రావట్లేదని వచ్చినవాళ్ళకు నేనూ ఇలాగే, "మీరు తక్కువ వస్తున్నాయన్నారు, అసలు రావట్లేదు అనలేదు" అని చెప్పి పంపేసిన రోజులున్నాయి. కిటికీకి అవతల నిలబడితే కదా తెలిసేది.

ఇక రెండోది. ఆయన కంప్యూటరులో మన పాత సంతకాలు తీశాడు. తొమ్మిదేళ్ళ కిందటివి. నీది చూస్తే ముచ్చటేసింది, ఒక్క ఊపులో పైకి లేచి, కిందికి వచ్చి, చివర ఒక సున్నా చుట్టి ఆగుతుంది. దాని పక్కన నువ్వు ఇప్పుడు పంపింది పెట్టాడు. చీమ సిరాలో పడి లేచి నడిచినట్టుంది. "కలవలేదమ్మా" అన్నాడు. కలవలేదని నాకూ కనిపిస్తూనే ఉంది, ఇంకేం వాదించను!

నడిచే బస్సులో కూర్చుని పెట్టావా? కాస్త బల్ల ముందు కూర్చుని, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యి. గులాబీ ఫారం పంపుతున్నాను. సంఘంవాళ్ళ లేఖా, ఇంజను నంబరు మీద పెన్సిలు రుద్ది తీసిన అచ్చూ నా దగ్గరే ఉన్నాయి. అచ్చు కోసం బానెట్ కింద తల పెట్టి మెడ పట్టేసుకున్నాను.

వాళ్ళ పేరు మీదికి మారనిదే బీమా ఇవ్వరట. బీమా లేనిదే బండి బయటికి తీయకూడదు. పెద్ద నర్సమ్మ రోజూ ఆ దారినే బస్సు దిగి, కారును ఓసారి చూసి, నడిచిపోతోంది.

త్వరగా పంపు.

నీ అక్కయ్య


మార్చి 2

ప్రియమైన అక్కయ్యకు,

నమస్కారాలు. నా వల్ల నీకు ఒక సెలవు పోయింది, క్షమించు. షాపులో జనం ఉండగా గబగబా చేసేశాను. ఈసారి జాగ్రత్తగా చేశాను. నాలుగు రోజులు తీసుకున్నాను.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. ఇది కూడా కలవకపోతే, నా సంతకం నువ్వే పెట్టేయకూడదా? చిన్నప్పుడు నా ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం అచ్చు గుద్దినట్టు పెట్టిందానివి. నాకు పూర్తిగా సమ్మతమే కదా, ఇందులో మోసం ఎవరికి? లేదంటే నా పేరు తీసేసే మార్గం ఏదైనా ఉందేమో కనుక్కో. నేను అక్కడిదాకా రావడం ఇప్పట్లో కుదరదు.

నీ తమ్ముడు


మార్చి 14

తమ్ముడికి,

ప్రియమైన అని రాయడానికి ఇవాళ చెయ్యి రావట్లేదు. ఉత్తరం పూర్తయ్యేలోగా వస్తే పైన చేరుస్తాను.

నిన్న మళ్ళీ వెళ్ళాను. అదే కిటికీ, అదే గుమాస్తా. గులాబీ ఫారం, సంఘం లేఖ, అచ్చు, అన్నీ వరసగా పెట్టాను. అన్నీ బాగున్నాయన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత నీ సంతకం దగ్గర ఆగాడు. భూతద్దం తీశాడు. లోపలికి వెళ్ళి అధికారిని పిలుచుకొచ్చాడు.

అధికారి, "ఇది సంతకం కాదమ్మా, బొమ్మ. పాతదాన్ని ముందు పెట్టుకుని ఎవరో చూసి గీశారు. ఇదిగో, ఇక్కడ కలం ఎత్తారు, ఇక్కడ మళ్ళీ పెట్టారు" అన్నాడు.

"ఎవరో అంటే ఎవరండీ?"

"అది మీరే చెప్పాలి."

నా వెనక పదిమంది ఉన్నారు. అందులో ఒకావిడ మా వీధిలోనే ఉంటుంది, నీళ్ళ బిల్లు గురించి వారానికోసారి నా దగ్గరికి వస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా కిటికీ వెనక కూర్చున్న నన్ను కిటికీ ముందు నిలబెట్టి దొంగను చూసినట్టు చూశారు. ఫారం మీద ఎర్ర సిరాతో 'అనుమానాస్పదం' అని ముద్ర వేశారు. ఫైలు వాళ్ళ దగ్గరే పెట్టేసుకున్నారు. రెండో యజమాని ఏ ఊరి శాఖకైనా సరే స్వయంగా వెళ్ళి, అధికారి ఎదుట నిలబడి అవును నాదే అని చెప్పాలట. నలభై రోజుల్లో చెప్పకపోతే విచారణకు పంపుతారట. నేను సర్కారు ఉద్యోగిని కాబట్టి మా ఆఫీసుకూ ఒక లేఖ వెళుతుందట.

నువ్వేమో నన్నే పెట్టేయమన్నావు! పెట్టకుండానే ఈ గతి పట్టింది.

అసలు నీ మనసులో ఏముందో నాకు అర్థం కావడం లేదు. కారు నీకు కావాలా? కావాలని ఒక్క ముక్క రాస్తే తాళాలు నీ మొహాన కొట్టి ఊరుకునేదాన్ని. బాగుంది, మంచి ఆలోచన అని పైకి అంటూ, కింద పిచ్చి గీతలు గీసి పంపడం ఏమిటి? ఇద్దరు పిల్లలున్న ఇంట్లో పుట్టి, ప్రతి పనీ నేనొక్కదాన్నే చెయ్యాలా? అమ్మ విషయంలోనూ ఇంతే చేశావు. వస్తున్నా అనేవాడివి, రైలు తప్పిపోయిందనేవాడివి. వచ్చే శనివారం అనేవాడివి. అమ్మ పొద్దున్నే తల దువ్వించుకుని కిటికీ దగ్గర కూర్చునేది. నేను నిన్ను ఏదైనా అనబోతే, "వాణ్ణి ఏమీ అనకే" అని నోరు మూయించేది. ఎత్తనన్న సంగతి ఎత్తాను. ఒట్టు తీసి గట్టున పెట్టాను, పో.

ఇంకొకటి కూడా విను. మొన్న మంగళవారం వానలో బస్సులు ఆగిపోయి, పెద్ద నర్సమ్మ ఒక ముసలాయన ఇంటికి రెండు గంటలు ఆలస్యంగా చేరింది. బ్యాండు మేళంలో బాకా ఊదేవాడట, మంచి గుండెబలం ఉన్న మనిషి. ఆ రెండు గంటలూ దుప్పటి కొరుక్కుంటూ పడి ఉన్నాడట. ఆయన భార్య, "ఇప్పుడా రావడం?" అని నర్సమ్మను నిలదీసింది. ఈ సంగతి నర్సమ్మ మన కారు పక్కనే నిలబడి నాకు చెప్పింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

నీ ఊళ్ళో ఆ శాఖ ఆఫీసు నీ షాపుకు రెండు వీధుల అవతల ఉంది. నేను కనుక్కున్నాను. వెళతావో లేదో నీ ఇష్టం.

అక్కయ్య


ఏప్రిల్ 6

తమ్ముడికి,

మూడు వారాలైంది. జవాబు లేదు. ఆగలేక ఫోన్ కూడా చేశాను. మూడుసార్లూ మరదలే ఎత్తింది. మూడుసార్లూ "ఇప్పుడే బయటికెళ్ళారు వదినా" అంది. మూడోసారి ఆ పిల్ల గొంతు బొంగురుపోయింది. ఏడ్చిందా? నీ కోసం అబద్ధాలాడుతూ ఆ పిల్లెందుకు ఏడవాలి?

నిన్న మా పైఅధికారి పిలిచి, "ఏదో కారు గొడవట కదా" అన్నాడు. ఊళ్ళో మాట ఎంత తొందరగా తిరుగుతుందో చూడు.

నలభై రోజుల్లో ఇక పదహారే మిగిలాయి. నీ మీద కోపం కూడా అరిగిపోయింది. ఇప్పుడు భయం వేస్తోంది. కారు సంగతి కాదు. నీకేమైందిరా?

అక్కయ్య


ఏప్రిల్ 15

ప్రియమైన అక్కయ్యకు,

నమస్కారాలు. ఈ ఉత్తరం చేత్తో రాస్తున్నాను. మొదలుపెట్టి ఇది మూడో రోజు. పొద్దున్న మందు వేసుకున్నాక ఒక గంట చెయ్యి మాట వింటుంది. ఆ గంటలోనే రాస్తున్నాను. గీతలు చూసి కంగారు పడకు. ఫారం మీద నువ్వు చూసిన చీమ ఇదే.

నాకు వణుకు జబ్బు వచ్చింది. కుడిచెయ్యి. రెండేళ్ళైంది. మొదట్లో కళ్ళజోడు మరలు జారిపోయేవి. వెలుతురు చాలట్లేదనుకుని దీపం మార్చాను. తర్వాత బల్ల మార్చాను. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళాను. తగ్గేది కాదన్నాడు, మందులతో నెట్టుకురావచ్చన్నాడు. నీ మరదలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. కళ్ళద్దాలవాడి చెయ్యి వణుకుతుందంటే షాపుకు ఎవరొస్తారు? ఇంట్లో, వీధిలో, పెళ్ళిళ్ళలో ఎక్కడైనా ఎడమచేత్తో పని కానిచ్చి, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని తిరిగాను.

నీకెందుకు చెప్పలేదంటావు. అప్పటికే నువ్వు అమ్మను ఎత్తి దించుతున్నావు. ఇంకో రోగిని నీ నెత్తిన పెట్టాలా అనుకున్నాను. ఇది సగం నిజం. మిగతా సగం సిగ్గు.

పోయిన వేసవిలో చివరి శనివారం, అమ్మను ఆసుపత్రి నుంచి తీసుకొస్తున్నాను. మలుపులో చెయ్యి ఒక్కసారిగా ఎగిరింది. స్టీరింగు నా మాట వినలేదు. కారు కాలిబాట ఎక్కి, దీపస్తంభానికి జానెడు దూరంలో ఆగింది. అమ్మ ముందుకు తూలి పడబోయి నిలదొక్కుకుంది. దెబ్బ తగల్లేదు. నా చెయ్యి ఒళ్ళో పడి కొట్టుకుంటుంటే అమ్మ చూసింది. తన రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకుంది. "ఎప్పటినుంచిరా?" అంది. చెప్పాను. "అక్కయ్యకు చెప్పకు" అని బతిమాలాను. "నువ్వు చెప్పేదాకా నేను చెప్పను" అంది. ఆ తర్వాత అమ్మ కూర్చున్న కారును నేను మళ్ళీ ముట్టుకోలేదు. నడపకుండా ఊరికే వస్తే, ఎందుకు నడపవని నువ్వు అడుగుతావు. అందుకని రావడమే మానేశాను. రైలు ఒక్కనాడూ తప్పిపోలేదు అక్కయ్యా. స్టేషన్‌కు వెళ్ళి, బెంచీ మీద కూర్చుని, అది కదిలిపోయాక లేచి ఇంటికి వచ్చేవాణ్ణి.

వాణ్ణి ఏమీ అనకే అని అమ్మ నీతో అనేదని నీ ఉత్తరం చదివాకే నాకు తెలిసింది. అంతటి నొప్పిలో కూడా నాకిచ్చిన మాట నిలబెట్టుకుంది. నేను మాత్రం ఆవిడను కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. అది చదివినప్పటి నుంచి అన్నం సహించలేదు. జవాబు రాయనిది అందుకే.

మొదటి ఫారం మీద వణుకుతూనే చేశాను. రెండోదానికి నాలుగు రోజులు పాత సంతకం ముందు పెట్టుకుని, ఒక నోటుపుస్తకం మొత్తం సాధన చేసి, చేతి కింద దిండు పెట్టుకుని ఒక్కో ముక్కా గీశాను. అధికారి బొమ్మ అన్నాడు చూడు, ఆయనకు కన్నుంది. నా సంతకాన్ని నేనే ఫోర్జరీ చేశాను. దానికి దొంగ అనిపించుకున్నది నువ్వు.

నీ చివరి ఉత్తరం వచ్చిన మర్నాడు పొద్దున షాపు తెరవకుండా శాఖ ఆఫీసుకు వెళ్ళాను. నీ మరదలు వస్తానంది, వద్దన్నాను. కిటికీ దగ్గర ఒక నడివయసు ఆవిడ. నీలాగే జుట్టు బిగించి ముడి వేసుకుంది, నీలాగే ముఖం చిట్లించుకుని ఉంది. ఫైలు నంబరు చెప్పాను. చూసింది.

"రెండు సంతకాలూ మీవేనా?"

"నావేనండీ."

"మరి పాతదానితో ఎందుకు కలవలేదు?"

చేతికి దెబ్బ తగిలిందని చెప్పాలని ఇంటి దగ్గరే అనుకుని వెళ్ళాను. మాట నోటిదాకా వచ్చింది. అంతలో ఆవిడ, "కారణం రాసుకోవాలి, ఇక్కడ గడి ఉంది, చెప్పండి" అంటూ కలం పట్టుకుంది. అబద్ధం చెబితే అది కూడా నీ ఫైలులోకే వెళుతుంది. జేబులోంచి చెయ్యి తీసి కిటికీ గట్టు మీద పెట్టాను. అది దాని పని మొదలుపెట్టింది. గట్టు మీది కలాల డబ్బా గలగలలాడింది.

"వణుకు జబ్బండీ" అన్నాను. ఆవిడకు వినపడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను.

ఆవిడ తల ఊపి రాసుకుంది. వేలిముద్ర వేయొచ్చు, ఇద్దరు ఉద్యోగులు సాక్షి సంతకం చేస్తే చాలు అంది. ఇంత సులువైన దారి ఉందని ముందు మనకెవరూ చెప్పలేదు. మనం అడగనూ లేదు. బొటనవేలు సిరాలో ముంచితే గీతలన్నీ అలుక్కుపోయేలా ఉన్నాయి. ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయటికి చాచి, నా మణికట్టు పట్టుకుని, కాగితానికి అద్దింది. రెండు చోట్లా. ఎర్రముద్ర రద్దు చేసి మీ ఊరి రవాణా ఆఫీసుకు ఆ రోజే కబురు పంపింది. దాని నకలు ఇందులో పెట్టాను. మీ పైఅధికారి బల్ల మీద పెట్టు. ఇక నువ్వు మూడో కిటికీకి వెళ్ళి కొత్త కాగితం తీసుకోవడమే. కారు ఈ వారంలోనే నర్సమ్మల చేతికి వెళుతుంది.

నిన్ను పదిమందిలో నిలబెట్టినందుకు క్షమించమని అడగను. ఎంత అడిగినా చాలదు. ఆదివారం నువ్వు ఇక్కడికి రా. లేదా రమ్మంటే నేనే వస్తాను, నిజంగా రైలెక్కుతాను. అమ్మ గురించి కూర్చుని మాట్లాడుకుందాం.

ఒక్కటి చెప్పడం మరిచాను. ఆ మాట గట్టిగా అన్నాను చూడు, అది అన్న క్షణాన ఆఫీసు మొత్తం నిశ్శబ్దమైపోయి నన్నే చూస్తుందనుకున్నాను. రెండేళ్ళుగా నేను దాచింది అదే కదా. ఆకాశం విరిగి పడుతుందనుకున్నాను. తల వంచుకుని నిలబడ్డాను. నా వెనకాయన భుజం తట్టాడు. ధైర్యం చెబుతాడేమో అనుకున్నాను.

"అయ్యా, మీది అయిపోతే కాస్త జరుగుతారా? భోజనాల వేళకు కిటికీ మూసేస్తారు" అన్నాడు.

జరిగాను అక్కయ్యా. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, చెయ్యి జేబులో పెట్టుకోకుండా, చాలాసేపు నవ్వాను.

ప్రేమతో,
నీ తమ్ముడు